మేజర్ సారు వద్దన్న పేరు

పోయిన వారం ముద్దనూరుకు పోతుంటే దారిలో బస్సు ఆగిపోయింది. అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది. ముందు గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. తడిసిన ఉన్ని వాసన కిటికీలోంచి గుప్పున లోపలికి కొట్టింది. నా పక్కన కూర్చున్నావిడ "అబ్బబ్బా, ఏం కంపు తల్లీ!" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గుడి పూజారి ఇంట్లో పుట్టినదాన్ని, నలభై ఏళ్లు దాటేదాకా గొర్రెను దగ్గర నుంచి చూడనైనా చూడనిదాన్ని, నేను మాత్రం ఆ వాసనను గుండెల నిండా పీల్చుకున్నాను. మంద రోడ్డు దాటి, సోలార్ పలకల చుట్టూ వేసిన కంచెలో ఒక ఇనుప గేటు ఉంటే, అందులోంచి ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నాకైతే తొందరేమీ లేదు. ఆ గేటు అక్కడికి ఎలా వచ్చిందో ఆ బస్సులో నాకొక్కదానికే తెలుసు. అది తెలిసినవాళ్లలో ఇంకో మనిషి ఇంగ్లండులో ఎక్కడో మట్టి కింద ఉన్నాడు. ఆయన ఉండాల్సింది అక్కడ కాదు, జమ్మలమడుగులో, వాళ్లమ్మ సమాధి పక్కన. అలా జరగకపోవడానికి కారణం నేను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

ఆయన పేరు థామస్ హార్లో. ఊళ్లో అందరూ మేజర్ సారు అనేవారు. వాళ్లమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆయన పుట్టింది అక్కడే. ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ విషజ్వరంతో చనిపోతే, ఆమెను ఇక్కడే పూడ్చిపెట్టి, తండ్రి పిల్లవాణ్ణి ఓడ ఎక్కించుకుని ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడు పెద్దయి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరయ్యాడు. ఎండలూ ఇసుకా ఉన్న దేశాల్లో చాలా ఏళ్లు పనిచేసి, మేజరుగా బయటికి వచ్చి, రాజకీయాల్లో దిగాడు. రెండుసార్లు అక్కడి పార్లమెంటుకు గెలిచాడు, మూడోసారి ఓడిపోయాడు. భార్య పోయింది. ఉన్న ఒక్క కూతురూ ఎక్కడో దూరంలో ఉంది. మన రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, ఎనభైకి దగ్గరపడిన వయసులో, రెండు పెట్టెలతో జమ్మలమడుగులో దిగి, మా వీధి చివర మేడ మీద ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. ఈ వయసులో ఇక్కడికెందుకు వచ్చావని ఎవరడిగినా ఒకటే మాట. "మాయమ్మ ఈడుంది గదా." ఆమె ఇంట్లో అన్నం వండుతోందన్నట్టే చెప్పేవారు. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఇక్కడే పోవాలి, ఆమె పక్కన పడుకోవాలి. దానికి అనుమతి కాగితాలు కూడా ముందే రాసి పెట్టుకున్నారు.

అప్పటికి నేను తహశీల్దారు ఆఫీసు ఎదురుగా టార్పాలిన్ కింద బల్ల వేసుకుని అర్జీలు టైపు చేసేదాన్ని. మా నాన్న గుడిలో అర్చకులు. ఆయన పోయాక గుడి వేరేవాళ్లకు వెళ్లింది, ఇల్లు నాకు మిగిలింది. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అది చెప్పుకునేంత గొప్పదీ కాదు. పొద్దున మిక్సీ వేస్తే తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం తల వంచుకుని పని చేసుకుంటుంటే, "పాపా, నాకి ఒక కాయితం కొట్టిస్తావా?" అని వినిపించింది. నలభై నాలుగేళ్లదాన్ని పాపా అన్నదెవరా అని చూస్తే, ఎండకు ఎర్రగా కమిలిన ముఖం, తెల్లటి కనుబొమలు, కర్రలా నిలబడ్డ నడుము. అద్దె కాగితం కావాలట. "కూచోండి సారూ" అని స్టూలు జరిపాను. "నువ్వు అన్నం తిన్నావా?" అన్నారాయన. ఆ మాట ఆ రోజు నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ మాటకొస్తే ఆ నెలలో కూడా.

ఆయన తెలుగు ఏడేళ్ల పిల్లవాడి తెలుగు. ఆయా ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది, ఓడ ఎక్కిన రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. అందులో మీరూ గారూ లేవు. తహశీల్దారును పట్టుకుని "నువ్వు యాడోనివి?" అని అడిగారు. ఆ తహశీల్దారు గుంటూరు వైపు మనిషి, ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వి టీ తెప్పించాడు. చదవడం, రాయడం అసలు రాదు. ఇంగ్లీషులో మాత్రం ఆయన మేజరే, ఒక్కో మాటా ఇస్త్రీ చేసి తీసినట్టుండేది. నా బీఏ ఇంగ్లీషుకు అందులో సగమే అందేది. ఆయన పిల్లతెలుగూ నా అరకొర ఇంగ్లీషూ కలిపి, మేమిద్దరం రోజూ సాయంత్రం ఆ మేడ మీద గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. ఇద్దరు ఒంటరి మనుషులు మాట్లాడుకుంటే ఊరు ఊరుకుంటుందా? వీధిలో ఆడవాళ్లు ఏమేమో అనుకున్నారు. అనుకోనీ అని నేనూ తెగించాను.

రెండో నెలలో ఆయన ఒక సంగతి చెప్పారు. వాళ్ల దేశంలో గెలిచిన సభ్యుడు వారానికోసారి, ఎక్కువగా శనివారం, ఏ బడిలోనో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాడట. ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకోవచ్చు, వినడం ఆయన పని. "రాజకీయంలో నాకి బాగొచ్చింది అదొక్కటే పాపా. తక్కిందంతా అరుసుకునేది," అన్నారు. మేడ మీద అలా ఒక బల్ల వేద్దాం, నీ టైపు మిషను తెచ్చుకో అన్నారు. మొదటి శనివారం ఒక్క మనిషి రాలేదు. మేమిద్దరం బొరుగుల ఉగ్గాని తిని, ఎదురెదురుగా కూర్చుని, మెట్ల వైపు చూసుకుంటూ ఉండిపోయాం. రెండో శనివారం కింద టీకొట్టు ఆయన రేషను కార్డు తీసుకుని మొహమాటంగా పైకి వచ్చాడు. నెల తిరిగేసరికి మెట్ల మీద చోటు లేదు.

మొదటి అర్జీ నా అలవాటు ప్రకారం రాశాను. మహారాజశ్రీ తహశీల్దారు గారి దివ్యసముఖమునకు, తమ పాదపద్మములకు నమస్కరించి వ్రాసుకొను విన్నపము అని. మా తాలూకాలో అందరం అలాగే రాస్తాం, అలా రాయకపోతే అర్జీ పెట్టుకున్నవాడే ఒప్పుకోడు. నేను అర్థం చెప్తుంటే ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపి, "ఈయప్ప ఎందుకు కాళ్లు పట్టుకుంటాండాడు? పింఛను ఆయప్పదే గదా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను, నిన్నగాక మొన్న దిగిన దొరగారు నాకు నేర్పేదేంది అనిపించింది. మూతి ముడుచుకునే మళ్లీ రాశాను. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఏం కావాలి. మూడే ముక్కలు. రాసింది పైకి చదివి వినిపించి, "ఇది నీ మాటేనా?" అని అడగాలి. అవునంటేనే వేలిముద్ర. అడుగున ఆ మనిషి పేరు తప్ప ఇంకొకరి పేరు ఉండకూడదు. ముఖ్యంగా ఆయన పేరు.

ఎందుకంటే ఆయన ఏడాదికోసారి వీసా పొడిగించుకోవాలి. పరాయి దేశస్థులు ఇక్కడి రాజకీయాల్లో వేలు పెట్టకూడదని నియమం. శనివారం బల్ల గురించి కడపలో ఆ వీసాలు చూసే ఆఫీసుకు ఆయనే వెళ్లి, దాచకుండా చెప్పి వచ్చారు. జనం చెప్పేది వినుకోండి సారూ, కాగితాల మీద మాత్రం మీ పేరు రానీయొద్దు అన్నారట వాళ్లు. "నా పేరు ఒక్క కాయితంలో కనపడితే నేను మూట సర్దుకోవాల్సిందే పాపా. గ్యాపకం పెట్టుకో," అని నాకు ఒకటికి పదిసార్లు చెప్పారు. నేనూ పదిసార్లు తలూపాను.

కారణం అదొక్కటే కాదు, ఇంకోటి ఉందని పులివెందుల పోయి వస్తున్న రోజు తెలిసింది. శనివారాల్లో వచ్చిపోయే ఒక బత్తాయి రైతు, మా వైపు చీనీ అంటాం, పిలిస్తే వెళ్లాం. అక్కడ హోటల్లో టీ తాగుతుంటే చుట్టూ జనం మూగారు. మా జిల్లాలో ఒక మనిషి ఊరికే నలుగురి పని చేసిపెడుతున్నాడంటే ఎవరూ నమ్మరు. ఏ పక్క మనిషో తేలేదాకా నిద్ర పట్టదు. ఒక పెద్దాయన ఉండబట్టలేక, "సారూ, ఇంతకీ నీది ఏ పార్టీ?" అని అడిగేశాడు.

"ఓడిపోయిన పార్టీ," అన్నారు మేజర్ సారు.

హోటలంతా నవ్వు. "అట్లయితే ఈ తూరి మాతో నిలబడప్పా, గెలిపిచ్చుకుంటాం!" అని వెనక నుంచి ఇంకెవరో అరిచారు. ఆయన కూడా నవ్వారు. తిరుగు బస్సులో తన కథ చెప్పారు. పడుచు ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక ఎడారి ఊళ్లో పెద్దవాళ్లు బావికి తాళం వేసి, పశువుల కాపర్లను రానిచ్చేవాళ్లు కాదట. ఈయన ఒక్క కాగితం మీద సంతకం పెట్టి, ఇద్దరు సిపాయిలను పంపి, తాళం తీయించారు. కాపర్లు వచ్చి చేతులు ముద్దు పెట్టుకున్నారట. ఏడాదికి ఈయనకు బదిలీ అయింది. వెళ్లిన వారానికే బావికి మళ్లీ తాళం పడింది, ఈసారి పాత కోపం కూడా కలుపుకుని. "నా పేరు నాతోనే వచ్చేసింది పాపా. వాళ్లకి వాళ్ల పేరు లేకపాయె. నేనే వాళ్లని నోరిప్పనీకపోతి," అన్నారు. అర్ధ శతాబ్దం కిందటి సంగతి అది. నేను సంచిలో ఉన్న చీనీకాయ ఒలిచి చేతిలో పెట్టాను.

ఓబులేసు మామ వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలం. ముద్దనూరు దారిలో ఒక పల్లె ఆయనది, గొర్రెలు మేపుకునే ఇల్లు. ఊరికీ నీళ్లుండే వంకకూ మధ్య మెట్టలో సోలార్ పలకలు పాతి కంచె వేశారు. తాతల నాటి నుంచి గొర్రెలు నీళ్లకు పోయే బాట ఆ కంచెలో పడిపోయింది. బాట ఏ మ్యాపులోనూ లేదు. కంచె వేసినవాళ్లను అడిగితే మ్యాపు చూపించారు, ఆఫీసులో అడిగినా అదే మ్యాపు. గొర్రెలు ఆ కంచె పొడుగునా తిరిగి నీళ్లకు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. సూడి గొర్రెలు దారిలోనే కూలబడుతున్నాయి. మేజర్ సారు నన్ను వెంటబెట్టుకుని ఆ బాట వెంబడి నడిచారు. నీడ లేని చోట ఒక గొర్రె పడి ఉంటే, ఓబులేసు దాని నోట్లో చెంబుతో నీళ్లు పోస్తూ, "ఇది బతకదు సారూ. కడుపులో రెండుండాయి," అన్నాడు. మూడు ముక్కల్లో అర్జీ రాశాం. కంచెలో గొర్రెలు పట్టేంత గేటు కావాలి. అడుగున కె. ఓబులేసు అని ఒక్క పేరు, బొటనవేలి ముద్ర.

మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ రసీదు తప్ప ఏమీ రాలేదు. ఓబులేసు మేడ ఎక్కి వచ్చి, "నీ పేరు రాయిచ్చు సారూ. నువ్వు మేజరువి. అంత పెద్ద పేరు పెట్టుకోని నా ఏలిముద్రతో ఎందుకు ఆడుకుంటాండావు?" అని నిష్ఠూరమాడాడు. ఆయన ముఖం పాలిపోయింది. అయినా తల అడ్డంగానే ఊపారు. "నాలుగోది పెడదాం. కదులుతాది," అన్నారు.

నాలుగోది పెట్టేముందు ఒక మంగళవారం మధ్యాహ్నం ఓబులేసు ఒక్కడే నా టార్పాలిన్ దగ్గరికి వచ్చాడు. ఆ వారంలో పదకొండు గొర్రెలు పోయాయట. ఏడవడం లేదు, అరవడం లేదు, నేల మీద గొంతుకూర్చుని, "శారదమ్మా, నువ్వన్నా చెయ్యి," అన్నాడు, అంతే. నేను ఇరవై ఏళ్లు ఆ ఆఫీసు ముందు కూర్చున్నదాన్ని. ఏ కాగితం ఎందుకు కదులుతుందో, ఏది ఎందుకు కదలదో నాకు తెలుసు. ఇక్కడ పెద్ద పేరు లేని కాగితాన్ని ఎవడు ముట్టుకుంటాడు? మేజర్ సారుకు ఏం తెలుసు, ఆయన దేశంలో చెల్లుతుందేమో అనుకున్నాను. నాలుగో అర్జీ అడుగున ఇంకో వాక్యం టైపు చేశాను. పై విషయమును బ్రిటిష్ సైన్యపు మాజీ మేజరు, బ్రిటిష్ పార్లమెంటు మాజీ సభ్యులు శ్రీ థామస్ హార్లో గారు స్వయముగా చూచి, గేటు ఇప్పించవలసినదిగా గట్టిగా కోరుచున్నారు అని. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండింది. అంత పేరు నా మిషను మీద ఎప్పుడూ పడలేదు. ఓబులేసుకు చదివి వినిపించాను, సంతోషంగా వేలిముద్ర వేసి వెళ్లాడు.

పదిరోజుల్లో జీపు వచ్చింది, బాట కొలిచారు, నెలలోపు గేటు పెట్టారు. మేజర్ సారు సంతోషం చూడాలి! ఓబులేసు గేటుకు పసుపు రాసి కొబ్బరికాయ కొడితే, చిప్ప పట్టుకుని అందరికీ ఆయనే ముక్కలు పంచారు. గొర్రెలన్నీ దాటేదాకా ఎండలో నిలబడి, నా భుజం తట్టి, "చూసినావా పాపా! ఓబులేసు పేరుతోనే కదిలిచ్చినాం. నా జన్మలో ఇది నేను చేసిన మంచి పని," అన్నారు. ఆ నిమిషం చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. కొబ్బరి ముక్క నమిలి మింగి, "అవును సారూ," అన్నాను.

ఆ కాగితం ఫోటో ఎవరు తీశారో, ఎవరికి పంపారో నాకు ఈనాటికీ తెలియదు. ఫోన్లలో తిరిగింది. దొర ఎలక్షన్లకు తయారవుతున్నాడని పుకారు పుట్టింది. ఎవరో ఫిర్యాదు చేశారు. వీసా పొడిగింపుకు వెళ్లిన రోజు నేనూ వెంట వెళ్లాను, ఎప్పుడూ నేనే తోడు. అక్కడి అధికారి మర్యాదస్థుడు, మా ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. చూడగానే గుర్తుపట్టాను. నా మిషనులో 'ర' అక్షరం కొంచెం కిందికి పడుతుంది.

"ఈయనకు తెలుగు చదవడం రాదంట గదమ్మా. చివరి వాక్యం నువ్వే ఇంగ్లీషులో చెప్పు," అన్నాడు అధికారి.

నేను రాసిన వాక్యాన్ని నేనే చదివి, నేనే అర్థం చెప్పాను. మేజర్ సారు నా వైపు చూశారు. అధికారి అడిగాడు, "ఇది మీకు తెలిసే రాశారా సార్? తెలియకుండా రాసుంటే అట్లే రాసివ్వండి. రాసినోళ్ల మీద కేసు పెడతాం, మీకేం ఇబ్బంది ఉండదు."

"నేనే చెప్పినా. ఆయమ్మ టైపు కొట్టింది, అంతే," అన్నారు మేజర్ సారు.

"కాదు సార్..." అని నేను లేవబోతే, నా చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై ఏళ్ల చేతిలో అంత బలం ఉందని అప్పుడే తెలిసింది. ఆ పట్టుకు నేను లొంగిపోయాను. విదిలించుకుని నిజం చెప్పి ఉండొచ్చు. కేసు అన్న మాటకు భయపడి కూర్చుండిపోయాను. ఆయన నన్ను కాపాడారు, నేను కాపాడనిచ్చాను. వీసా పొడిగించలేదు. నెలరోజులు గడువిచ్చారు.

తిరిగొచ్చే బస్సులో ఆయన పలకలేదు. వారంరోజులు పలకలేదు. సాయంత్రం మేడ ఎక్కితే తలుపు తీసి, కుర్చీ చూపించి, తాను గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. ఎనిమిదో రోజు నేను ఏడ్చేశాను. తిట్టండి సారూ, ఇట్లా చంపొద్దు అన్నాను. అప్పుడు నెమ్మదిగా, "నా పేరును నమ్మితివి పాపా. నన్ను నమ్మకపోతివి," అన్నారు. అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆ మరుసటి రోజు నుంచి మళ్లీ అన్నం తిన్నావా అని అడగడం మొదలుపెట్టారు.

చలిదేశానికి పోతున్నారు గదా, స్వెటర్ కొందామని ప్రొద్దుటూరు తీసుకుపోయాను. మే నెల ఎండలో బట్టల అంగడిలో స్వెటర్ అడిగితే కుర్రవాళ్లు మా ముఖాలు చూసి నవ్వారు. ఆరేడు అంగళ్లు తిరిగాక ఒకచోట చలికాలంలో మిగిలిపోయింది ఒకటి దొరికింది. ముదురు వంకాయ రంగు, చేతులు పొట్టి. అక్కడే వేసుకుని అద్దంలో చూసుకుని, "బాగుండాదా?" అని అడిగారు. చెమటలు కారిపోతున్నాయి. బాగుందన్నాను. బయలుదేరే రోజు పొద్దున్నే వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, రాయి మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. నేను దూరంగా నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ముద్దనూరు స్టేషన్లో రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి, "గొర్రెలు తాగుతాండాయి గదా?" అన్నారు. "తాగుతాండాయి సారూ," అన్నాను. "సరే అయితే," అన్నారు.

ఆయన వెళ్లిన రెండు నెలలకు గేటుకు తాళం పడింది. ఆయన చెప్పిన బావి కథే అయింది. ఓబులేసు పరుగెత్తుకుంటూ వచ్చి, "మల్లా సారు పేరు రాయమ్మా," అన్నాడు. నేను రాయనన్నాను. తిట్టాడు. గొర్రెలు చస్తే ఆ పాపం నీకే అన్నాడు, పడ్డాను. మూడు ముక్కల్లో రాసి, ఒక్క పేరుతో, సోమవారం సోమవారం కడపలో అర్జీలు తీసుకునే చోటికి ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. మొదట్లో ఓబులేసు నా వెనక నిలబడేవాడు. తర్వాత తర్వాత ముందు నిలబడ్డాడు. పోనుపోను మైకు అందుకుని, "నా పేరు ఓబులేసు. బాట మాది," అని కలెక్టరు ఎదుట గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. పక్క పల్లెల వాళ్లు కూడా ఆయన వెంట రాసాగారు. రెండు ఎండాకాలాలు పట్టింది. బాటను మ్యాపులో ఎక్కించి గేటు తెరిచారు. ఈసారి ఇంకెవరి పేరూ అక్కర్లేకపోయింది.

ఆ కబురు చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో! అప్పటికి ఆయన వృద్ధుల ఆశ్రమంలో ఉన్నారు, ఉత్తరాలకు జవాబులు ఆగిపోయాయి. ఒకరోజు సాయంత్రం ఐదింటికి తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. అవతల నర్సు, పేరు లిజీ అంది, కేరళ పిల్ల. ఆయన కొన్ని నెలలుగా ఇంగ్లీషు మరిచిపోయారట. ఏదో భాష మాట్లాడతారు, ఎవరికీ అర్థం కాదు, అర్థం కాలేదని ఆయనకు ఏడుపొస్తుంది, కూతురు వెతికి నా నంబరు ఇచ్చింది అని చెప్పింది. ఫోను ఆయన ముఖం ముందు పెట్టింది. మనిషి సగమయ్యారు. పెదాలు కదులుతున్నాయి. "నీళ్లు... నీళ్లియ్యి," అంటున్నారు.

"నీళ్లు అడుగుతున్నారు. మంచినీళ్లివ్వు తల్లీ!" అని ఇంగ్లీషు తెలుగు కలిపి అరిచాను. నెలలుగా ఆ మనిషి నీళ్లు అడుగుతుంటే పక్కనున్నవాళ్లకు తెలియలేదు. ఇక్కడ ఉండి ఉంటే, వీధిలో పోయే ఎవరైనా ఒక గ్లాసు చేతికిచ్చేవారు. ఆ రాత్రంతా నాకు అదే గుర్తొచ్చింది.

అప్పటి నుంచి లిజీ రోజూ ఐదింటికి, అక్కడ వాళ్ల మధ్యాహ్నం భోజనం వేళకు, ఫోను చేసేది. దుప్పటి జరపమంటున్నారు, వెలుతురు కళ్లలో పడుతోందట, అన్నం కావాలట అని నేను చెప్పేదాన్ని. నేనెవరో ఆయనకు తెలియదు. ఒక్కోసారి ఆయా అనుకునేవారు. ఒకరోజు కొంచెం తేటగా కనిపిస్తే, ఇక ఆపుకోలేక అంతా చెప్పేశాను. సారూ, గేటు మళ్లీ తెరిచినారు, ఈసారి నిజంగానే ఓబులేసు పేరుతోనే, మీ పేరు రాయలేదు, మీరు చెప్పినట్టే చేశాను, నన్ను క్షమించండి అని. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "ఓబులేసు ఎవరు?" అన్నారు.

ఇక ఆ క్షమాపణ అడగడానికి ఈ లోకంలో ఎవరూ మిగల్లేదని అప్పుడు తెలిసింది.

ఆయనే మళ్లీ పిలిచారు. ముఖంలో భయం. గది చుట్టూ చూస్తున్నారు, తెల్లటి గోడలు, తెరలు, తెలియని మనుషులు. "పాపా... మనం యాడుండాం?"

అబద్ధం అంటే గిట్టని మనిషి. అర్జీలో ఒక గొర్రెను ఎక్కువ రాసినా కొట్టేయించిన మనిషి. నాకూ తెలుసు.

"జమ్మలమడుగులోనే ఉండాం సారూ," అన్నాను. "మీయమ్మ పక్కనే."

"అట్లనా," అన్నారు. కనుబొమలు సడలాయి. "అట్లయితే పండుకుంటా."

వారం తర్వాత లిజీ ఐదింటికి కాకుండా పొద్దున చేసింది, ఎత్తకముందే తెలిసిపోయింది. నిద్రలోనే పోయారట. ఆయన రాసి పెట్టుకున్న అనుమతి కాగితాలు ఇక్కడ నా బీరువాలో ఉన్నాయి. అవి ఎవరికీ అక్కర్లేదు, పారేయలేను. ఆయన ఇంటిని ఆయనకు లేకుండా చేసింది నేను. ఒక్క మధ్యాహ్నానికి తిరిగి ఇచ్చాను, అదీ అబద్ధంతో. నా వల్ల జరిగినదానికి ఇప్పటికీ సిగ్గుపడతాను, ఆ అబద్ధానికి మాత్రం సిగ్గుపడను.